సంక్రాంతికి ఊరెళ్తే ఇంట్లో తాబేలుకు ఎవరు దిక్కు?



సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. ఇంకొన్ని రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లలో చాలా తలుపులకు తాళాలు పడతాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తా విజయవాడ బస్సుల కోసం ఎదురుచూసే జనంతో కిటకిటలాడుతుంది. కుక్క ఉన్నవాళ్లు దాన్ని ఎవరి దగ్గర వదలాలో ముందే చూసుకుంటారు. తాబేలు ఉన్నవాళ్లు మాత్రం "దానికేముంది, నాలుగు ఆకులు పడేస్తే చాలు" అనుకుంటారు. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది ఆ మాట గురించే.

ముందు చట్టం సంగతి. నక్షత్ర తాబేలు మన నేల మీది జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. 2019లో సైటిస్ ఒప్పందం దాన్ని మొదటి అనుబంధంలో చేర్చింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరు చెప్పినా కొనకండి. ఇప్పటికే ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. పుణ్యమని సరూర్‌నగర్ చెరువులోనో గుడి కోనేరులోనో వదలొద్దు. అది నేల మీద తిరిగే జీవి. ఈత రాదు, మునిగిపోతుంది.

కొన్ని ఇళ్లలో ఉన్నది ఆఫ్రికా జాతి సల్కటా. ఇది సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అరచేతిలో ఇమిడే పిల్ల పెద్దయ్యాక 40 కిలోలు దాటొచ్చు, 50 ఏళ్లకు పైగా బతకొచ్చు. ఐదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని బాబుకు కొనిస్తే, వాడికి మనవలు పుట్టేనాటికీ అది ఉండొచ్చు.

అలాంటి జీవి ఇంట్లో ఉన్నప్పుడు తిండికన్నా ముందు చూడాల్సినవి వేడి, తేమ. తాబేలు ఒంట్లో మనలా వేడి పుట్టదు. చుట్టూ ఉన్న వేడితోనే దాని అరుగుదల, రోగనిరోధక శక్తి నడుస్తాయి. సల్కటాకు పెట్టెలో ఒక మూల ల్యాంపు కింద 35 డిగ్రీలు, రెండో మూల 27 డిగ్రీల దాకా ఉండాలి. వేడెక్కితే నీడకు, చల్లబడితే ల్యాంపు కిందికి అదే నడిచి వెళ్తుంది. మన జనవరి రాత్రుల్లో చల్లటి టైల్స్ మీద వదిలేస్తే దానికి ఆ అవకాశమే ఉండదు.

ఎడారి అంచున పుట్టిన జీవికి తేమెందుకని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. అక్కడ పైన ఎండ మండుతున్నా, అది తలదాచుకునే బొరియలో మట్టి తడిగానే ఉంటుంది. పిల్ల తాబేలుకు 60 నుంచి 80 శాతం తేమ కావాలి. ఏసీ గదిలో, ఎండాకాలం మధ్యాహ్నాల్లో అంత తేమ ఉండదు. అప్పుడు డిప్ప మీద పలకలు గుట్టల్లా పైకి లేస్తాయి. అలా లేచినవి మళ్లీ చదును కావు. మన అశ్రద్ధ దాని వీపు మీద జీవితాంతం కనిపిస్తుంది.

కొబ్బరి పొట్టు పరిచి తడుపుతుండటం, దాక్కోడానికి తడి నాచు ఉన్న చిన్న డబ్బా పెట్టడం, రోజూ గోరువెచ్చని నీళ్లలో గడ్డం దాటకుండా కాసేపు నిలబెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. కానీ తడి ఉండి వేడి లేకపోతే జలుబు, ఊపిరితిత్తుల జబ్బు వస్తాయి. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే వెంటనే పశువైద్యుడికి చూపించండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ సరిపోదు. ఎముకలకు, డిప్పకు కావాల్సిన యూవీబీ కిరణాలను గాజు ఆపేస్తుంది. బాల్కనీలో నేరుగా పడే ఎండైనా ఉండాలి, యూవీబీ బల్బైనా ఉండాలి. బాల్కనీలో నీడ కూడా ఉండాలి సుమా.

ఇక సెలవుల సంగతి. ఆరోగ్యంగా ఉన్న తాబేలు రెండ్రోజుల ఆకలికి తట్టుకుంటుంది. రాత్రంతా ల్యాంపు ఆరిపోతే తట్టుకోవడం కష్టం. అందుకే ల్యాంపుకు థర్మోస్టాట్ పెట్టించండి. ఆ లైను ఇన్వర్టర్‌కు కలిసి ఉందో లేదో చూసుకోండి. పక్కింటివాళ్లకు తాళం చెవి ఇచ్చి, ఉదయం, సాయంత్రం థర్మామీటర్, తేమ మీటర్ చూడమనండి. ఎంత ఉండాలో కాగితం మీద రాసి పెట్టె మీద అంటించండి. తాబేలును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోమని చెప్పండి. వాటి మీద సాల్మొనెల్లా ఉండొచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మార్కులకు బహుమతిగా ప్రాణమున్న జీవిని ఇవ్వొద్దు. కుక్క అరుస్తుంది, పిల్లి కాళ్లకు చుట్టుకుంటుంది. తాబేలు తన బాధ చెప్పుకోలేదు కాబట్టే పిల్లలు త్వరగా మర్చిపోతారు. ఆ తర్వాత పని అమ్మ మీదో అమ్మమ్మ మీదో పడుతుంది. పిల్లలకు తాబేళ్లంటే ఇష్టమైతే బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కుకు తీసుకెళ్లండి. దాదాపు 125 ఏళ్లు బతికి 2024లో కన్నుమూసిన గాలాపగోస్ తాబేలు అక్కడిదే.

అయినా ఇంట్లో పెంచాలనుకుంటే, కొనేముందు ఒక నెలపాటు పిల్లల చేత రోజూ రెండుసార్లు గదిలో వేడి, తేమ ఎంతున్నాయో నోట్‌బుక్‌లో రాయించండి. ఒక్కరోజూ మానకుండా రాస్తే అప్పుడు ఆలోచించండి. మానేస్తే, ఆ ఖాళీ పేజీలే మీకు జవాబు.