ఆట మాన్పించడం శిక్ష కాకూడదు

ప్రభుత్వాసుపత్రి ఓపీకి కొడుకును వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు చెప్పే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. బడికి పోవడం లేదు, రాత్రి పొద్దుపోయాక వస్తున్నాడు, జేబులో గంజాయి పొట్లమో వైట్‌నర్‌ పూసిన గుడ్డో దొరికింది, మొన్న ఎవరిదో సెల్‌ఫోన్‌ పోతే వీణ్ణి స్టేషన్‌కు పిలిపించారు. ఆ వెంటనే ఇంకో మాట: ‘‘ఆటలన్నీ బంద్‌ చేయించామండీ!’’ కబడ్డీకి పంపడం మానేశారు, డప్పు దాచేశారు, డాన్సు క్లాసు ఫీజు ఆపేశారు. పిల్లవాడి రోజులో కాస్తో కూస్తో మంచిగా ఉన్న ఆ గంటనే తీసేశారన్నమాట. ఆ గంటలో వాడు ఇంట్లో కూర్చుని పుస్తకం తీయడు. సెంటర్లో పాత జట్టు దగ్గరికే పోతాడు.

ఈ వయసు మెదడు సంగతి కొంచెం చెప్పాలి. సరదా, థ్రిల్‌ కోరే భాగాలు పద్నాలుగు, పదిహేనేళ్లకే జోరు మీద ఉంటాయి. ‘ఆగు, ఆలోచించు’ అని పగ్గం వేసే ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లు పడుతుంది. పైగా తోటివాళ్లు చూస్తుంటే తెగింపు ఇంకా పెరుగుతుంది. బండి మీద ఒక్కడే వెళ్లే కుర్రాడు, వెనక ఇద్దరు ఎక్కాక అదే కుర్రాడు కాడు. ఈ ఆరాటాన్ని మందుబిళ్లతో తీసేయలేం, తీసేయకూడదు కూడా. దానికి వేరే దారి చూపాలి.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హార్వే మిల్క్‌మన్‌ ఇదే ఆలోచనతో 1992లో డెన్వర్‌ నగరంలో ఓ కార్యక్రమం మొదలుపెట్టారు. మత్తుకు, చిల్లర దొంగతనాలకు అలవాటు పడుతున్న పిల్లలు అక్కడికి వచ్చేవారు. వాళ్లతో ‘చికిత్స’ అన్న మాటే అనలేదు. సంగీతం, డాన్సు, హిప్‌హాప్‌, బొమ్మలు వేయడం, మార్షల్‌ ఆర్ట్స్‌లో ఏది కావాలంటే అది నేర్పుతామన్నారు. మూడు నెలలకని వచ్చి ఏళ్ల తరబడి ఉండిపోయిన వాళ్లున్నారు. ఆయన ఆలోచనలు ఐస్‌లాండ్‌కూ చేరాయి. అక్కడ 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకుముందు నెలలో మద్యం తాగి మత్తులో మునిగినవాళ్లే. 2016కి ఆ సంఖ్య 5 శాతానికి దిగింది. గంజాయి రుచి చూసినవారు 17 నుంచి 7 శాతానికి తగ్గారు.

ఇదంతా ఆటల మహిమేనని మాత్రం నేను చెప్పను. చలికాలంలో రాత్రి పది దాటాక పిల్లలు రోడ్ల మీద తిరగకూడదని అక్కడ చట్టం చేశారు. ఇరవై ఏళ్లలోపు వారికి మద్యం అమ్మరు. తల్లిదండ్రులు కలిసి కూర్చుని ఒప్పందాలు రాసుకున్నారు. క్లబ్బు ఫీజు కట్టుకోవడానికి కుటుంబాలకు కార్డు ఇచ్చారు. ఓ రోజు టోర్నమెంట్‌ పెట్టి, ‘డ్రగ్స్‌కు నో చెప్పండి’ అని రాసిన టీషర్టులు పంచి, ఫొటో దిగి వెళ్లిపోతే ఆ ఫలితం రాదు.

మంచి ఉద్దేశంతో చేసిన పని బెడిసికొట్టిన ఉదాహరణా ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో రిచర్డ్‌ కాబట్‌ అనే వైద్యుడు తలపెట్టిన ప్రయోగం 1939లో మొదలైంది. దారి తప్పేలా ఉన్న పిల్లలకు సలహాదారులను పెట్టారు, చదువు చెప్పించారు, వేసవి శిబిరాలకు పంపారు. ముప్ఫై ఏళ్ల తర్వాత జోన్‌ మెకార్డ్‌ అనే పరిశోధకురాలు లెక్క తీస్తే, ఈ సాయం అందిన వాళ్లు అందనివాళ్ల కంటే మెరుగ్గా లేరు. కొన్ని విషయాల్లో అధ్వానంగా ఉన్నారు. పదేపదే వేసవి శిబిరాలకు వెళ్లినవారిలోనే ఆ నష్టం ఎక్కువ కనిపించింది. తుంటరి పిల్లలనందరినీ ఒకచోట చేరిస్తే ఒకరి గొప్పలు ఒకరు విని రెచ్చిపోతారన్నది తర్వాతి పరిశోధకులు చెప్పిన కారణం.

అందుకే ‘చెడిపోయిన పిల్లల జట్టు’ అని వేరే పెట్టకండి. మామూలుగా ఆడుకునే పదిమందిలో ఇలాంటివాణ్ణి ఒకణ్ణో ఇద్దర్నో కలపండి. వాడి కేసు సంగతి జట్టుకు తెలియాల్సిన పని లేదు.

ఖరీదైన స్టేడియాలు అక్కర్లేదు. కోలాటం చూడండి. దరువు తప్పితే కర్ర పక్కవాడి వేళ్ల మీద పడుతుంది. మనకు తొందరగా ఉన్నా దెబ్బ పడేదాకా ఆగాలి. చెక్కభజన, కర్రసాము, డప్పు, అన్నీ ఇంతే. ఒంట్లో ఉడుకును అణచకుండా, దానికి లయ నేర్పుతాయి. కబడ్డీలో ఔటైతే నోరు మూసుకుని గీత దాటి వెళ్లాలి. కోపం పట్టుకోవడం గురించి మేం గంటసేపు కౌన్సెలింగ్‌లో చెప్పేది అక్కడ సాయంత్రానికి పదిసార్లు చేసి చూస్తారు. కాకపోతే నేర్పే మనిషి ముఖ్యం. రోజూ అదే వేళకు వచ్చేవాడు, పేరు పెట్టి పిలిచేవాడు, రెండు రోజులు కనిపించకపోతే ఇంటికి కబురు చేసేవాడు కావాలి. పిల్లల్ని కొట్టే కోచ్‌, గెలుపు తప్ప మరేం పట్టని కోచ్‌ ఉంటే మొదటికే మోసం. సాయంత్రం బడి విడిచాక గేటుకు తాళం వేసే ఊళ్లలో ఆ తాళం ఇంకో రెండు గంటలు తీసి ఉంచడానికి పెద్ద బడ్జెట్‌ పట్టదు. బాధ్యత తీసుకునే ఒక మనిషి కావాలి, అంతే.

ఆడపిల్లల్ని మరవకండి. పెద్దమనిషి కాగానే వాళ్లకు మైదానం మూసుకుపోతుంది. వాళ్ల కష్టం పోలీస్‌ స్టేషన్‌ దాకా రాదు గనుక కనిపించదు. ఫోన్లో పరిచయమైనవాడి బెదిరింపుల రూపంలోనో, ఇల్లు విడిచి వెళ్లడంగానో బయటపడుతుంది. వాళ్లకంటూ వేళ, నమ్మకమైన శిక్షకురాలు ఉండాలి.

డాక్టరుగా ఒక హెచ్చరిక. వైట్‌నర్‌, థిన్నర్‌ పీల్చిన కుర్రాణ్ణి ఆ వెంటనే పరిగెత్తించకూడదు, పట్టుకోవడానికి తరమనూ కూడదు. ఆ రసాయనాల వల్ల గుండె అడ్రినలిన్‌కు అతిగా స్పందించి లయ తప్పి, ఉన్నపళంగా ఆగిపోవచ్చు. కూర్చోబెట్టండి, గాలి ఆడనివ్వండి, ఆసుపత్రికి తీసుకురండి. చాన్నాళ్లుగా పీలుస్తున్నవాణ్ణి మైదానానికి పంపేముందు గుండె, రక్తహీనత, కాలేయం, కిడ్నీ పరీక్షలు చేయించండి. నిద్ర పట్టకపోవడం, చెవిలో మాటలు వినిపించడం, చచ్చిపోతాననడం ఉంటే ముందు సైకియాట్రిస్టుకు చూపించాలి. ఆట ఆ చికిత్సకు తోడే తప్ప బదులు కాదు.

2015 నాటి జువెనైల్‌ జస్టిస్‌ చట్టం కూడా హోమ్‌లలో ఇవ్వాల్సిన పునరావాస సేవల్లో ఆటలను, సాంస్కృతిక కార్యక్రమాలను చేర్చింది. పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చేవారికి అదే చట్టం ఏడేళ్ల వరకు కఠిన జైలుశిక్ష విధిస్తుంది. కేసు పెట్టాల్సింది ఆ అమ్మేవాడి మీద.

కుర్రాడు నెల బాగుండి, మళ్లీ ఓ వారం కనిపించకుండా పోతాడు. ఇది జరిగే సంగతే. జట్టు జాబితాలో పేరు కొట్టేయకండి, ఇంట్లో బూట్లు దాచేయకండి. ఏం చేయాలో తోచనప్పుడు టెలీ మానస్‌ 14416కు ఫోన్‌ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.