కొరియన్ చుట్టరికం, స్వాహిలి పొరుగు

తెలుగూ కొరియనూ అక్కచెల్లెళ్ళని చెప్పే రీల్ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. మా ఆఫీసు గ్రూపులో నెలకొకటి తిరుగుతుంది. అమ్మని వాళ్ళు ‘ఒమ్మా’ అంటారు, నాన్నని ‘అప్పా’ అంటారు, క్రియ చివర్లో పెడతారు, పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడే రూపాలు వేరే ఉన్నాయి. ఇంకేం కావాలి, మనం మనం ఒకటే! కింద కామెంట్లలో గుండె గుర్తుల వాన.

ఈ మోజు ఇప్పటిది కాదు. సియోల్‌లో పాఠాలు చెప్పుకున్న హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్, 1905 ప్రాంతంలోనే కొరియన్‌నీ ద్రావిడ భాషల్నీ పోలుస్తూ ఏకంగా ఒక వ్యాకరణం అచ్చేశాడు. నూరేళ్ళు దాటినా భాషాశాస్త్రం ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. చుట్టరికం అంటే రెండు మాటలు ఒకేలా వినిపించడం కాదు, తేడాలు ఒక పద్ధతిలో ఉండటం. మన చెవి కన్నడంలో కివి, మన చెరువు కన్నడంలో కెరె. అక్కడ ‘క’ ఉన్నచోట ఇక్కడ ‘చ’ వస్తోంది, అదీ వరసగా. కొరియన్‌తో ఇలాంటి వరస ఒక్కటి చూపించండి చాలు. అమ్మా అప్పా అంటారా, పళ్ళు రాని పిల్లలు ప్రపంచమంతా పలికే శబ్దాలవి. స్వాహిలిలో అమ్మ ‘మామా’, నాన్న ‘బాబా’. మరి ‘తెలుగూ స్వాహిలీ అక్కచెల్లెళ్ళు’ అనే రీల్ ఎందుకు లేదు?

ఎందుకు లేదో మనకి తెలుసు. పెళ్ళిళ్ళలో డబ్బున్న బంధువుకి మొదటి వరసలో కుర్చీ వేసే అలవాటు భాషల దగ్గరా పోలేదు.

సరే, పోలికలే కావాలంటే నిజంగానే పోల్చి చూద్దాం. కొరియన్‌లో ‘కస్సొయొ’ అంటే వెళ్ళానో, వెళ్ళాడో, వెళ్ళిందో ఆ క్రియ చెప్పదు, సందర్భాన్నిబట్టి మీరే తెలుసుకోవాలి. తెలుగు క్రియ అలా ఊరుకోదు, వెళ్ళింది ఎవరో చెప్పి తీరుతుంది. స్వాహిలి క్రియా అంతే. ‘నిమెకుఓనా’ అంటే నిన్ను చూశాను అని. ‘ని’ అంటే నేను, ‘మె’ పని అయిపోయిందని, ‘కు’ అంటే నిన్ను, ‘ఓనా’ అంటే చూడు. మనం ‘ను’ని తోకలో తగిలిస్తే వాళ్ళు ‘ని’ని ముందు తగిలించారు. ఇంకోటి. మనం ఇద్దరు పిల్లలు అంటాం, రెండు పుస్తకాలు అంటాం. మనిషికో లెక్క, వస్తువుకో లెక్క. స్వాహిలిలో ‘వటోటో వవిలి’ ఇద్దరు పిల్లలు, ‘విటబు వివిలి’ రెండు పుస్తకాలు, ‘మిటి మివిలి’ రెండు చెట్లు. చెట్లకి కూడా విడిగా ఒక రూపం ఇచ్చారు, మనకంటే ఒక మెట్టు పైనే. కొరియన్‌లో అంకె మారదు, దాని పక్కన మనుషులకొక మాట, పుస్తకాలకొక మాట చేరతాయి. స్వాహిలి మన బంధువని దీని అర్థం కాదు. ఏరుకుంటే ఎక్కడైనా పోలికలు దొరుకుతాయి, ఏం ఏరుకుంటున్నామన్నదే మన గుట్టు బయటపెడుతుంది.

మాటల సంగతికొస్తే ఏరుకోవాల్సిన పని కూడా లేదు. స్వాహిలిలో ‘హకి’ అంటే హక్కు, ‘తయారి’ అంటే తయారు, ‘రంగి’ అంటే రంగు, ‘తరెహె’ అంటే తారీఖు, ‘వకీలి’ అంటే వకీలు, ‘దుకా’ అంటే దుకాణం, ‘సబుని’ అంటే సబ్బు, ‘పెసా’ అంటే పైసలు. మందు ‘దవా’, మన దవాఖానలో ఉన్న దవాయే. అరేబియా సముద్రానికి అటు ఒడ్డునా ఇటు ఒడ్డునా అవే అరబ్బీ, పారసీ మాటలు, అవే పడవల బేరాలు. నాకు బాగా నచ్చింది ‘కితాబు’. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటలో మొదటి ‘కి’ని స్వాహిలి వాళ్ళు తమ భాషలోని ఏకవచన చిహ్నంగా తీసుకుని, బహువచనానికి ‘విటబు’ చేసేసుకున్నారు. అరువు మాటకి ఇంటి వ్యాకరణం తొడగడంలో మనమూ తక్కువేం కాదు, బస్సుని బస్సులు చేశాం. కాకపోతే వాళ్ళది ఇంకా దర్జాగా ఉంది.

ఇవన్నీ హైదరాబాద్ తెలుగులో రోజూ నలిగే మాటలు. వీటినే ఉర్దూ కలిసిన తెలుగు అని ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లోంచి, సినిమా హీరో నోట్లోంచి తప్పించారు. స్వాహిలికీ ఈ గొడవ ఉంది. 1930లో ఇంగ్లీషు పాలకుల కింద ఒక కమిటీ కూర్చుని జాంజిబార్ మాండలికాన్ని ప్రామాణికం చేస్తే, అంతకుముందు నుంచీ గొప్ప కవిత్వం ఉన్న మొంబాసా మాండలికం పక్కకి జరిగింది. కృష్ణా గోదావరి జిల్లాల తెలుగు పక్కన తెలంగాణ తెలుగు ఎక్కడ నిలబడాల్సొచ్చిందో తెలిసిన మనకి ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంత దగ్గరి కథ వదిలేసి సియోల్లో మేనత్తని వెతుక్కుంటున్నాం.

ఆఫ్రికా మనకి దూరమా? మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం కొలువులో ఉన్న ఆ సిద్దీ సైనికుల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు, వాళ్ళ మర్ఫా మోగితే నగరంలో పెళ్ళి ఊరేగింపు కదులుతుంది. హబ్సిగూడ పేరు హబ్షీల నుంచే వచ్చిందంటారు. దాని పక్కనే తార్నాకలో ఇఫ్లూ ఉంది. అక్కడ కొరియన్ నేర్చుకోవచ్చు, మంచిదే. హైటెక్ సిటీ నుంచి రాయదుర్గం దాటి షేక్‌పేట ఫ్లైఓవర్ దిగితే టోలీచౌకి. అక్కడి పారామౌంట్ కాలనీలో ఆఫ్రికా విద్యార్థులు ఏళ్ళ తరబడి ఉంటున్నారు. మన అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వాళ్ళ ప్రస్తావన వచ్చేది ఇల్లు అద్దెకి ఇవ్వాలా వద్దా అన్నప్పుడు మాత్రమే. కొరియన్ మేనేజర్ వస్తే మాత్రం ‘అన్న్యొంగ్ హసెయొ’ అని వంగి మరీ పలకరిస్తాం.

ఇది ఆఫీసుల జబ్బు మాత్రమే అయితే ఇంత రాయక్కర్లేదు. 2020 జాతీయ విద్యావిధానం హైస్కూల్లో చెప్పదగ్గ విదేశీ భాషలకి ఉదాహరణలిచ్చింది: కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్. ఆఫ్రికాలో పుట్టిన భాష ఒక్కటి లేదు. కొరియన్ మాట్లాడేవాళ్ళు ఎనిమిది కోట్లు, అటూఇటూగా మన తెలుగువాళ్ళంతే. స్వాహిలి మాట్లాడేవాళ్ళు 20 కోట్లకి పైనేనని యునెస్కో అంటోంది, జూలై 7ని స్వాహిలి దినంగా కూడా ప్రకటించింది. ఆఫ్రికన్ యూనియన్ 2022లో దాన్ని తన కార్యభాషగా తీసుకుంది. ఉద్యోగాల కోసం కొరియన్ నేర్చుకుంటే తప్పేంటి అని అడగొచ్చు. ఏ తప్పూ లేదు, నేను జావా నేర్చుకున్నది ప్రేమకొద్దీ కాదు. కానీ నేను జావాని పెద్దమ్మ కూతురని ఎక్కడా చెప్పుకోలేదు.

సాహిత్యం వాళ్ళం, మనమూ తక్కువ తినలేదు. 2024లో హాన్ కాంగ్‌కి నోబెల్ వచ్చినప్పుడు ఎన్ని పోస్టులు చదివామో! సొంత భాషలో రాస్తే ప్రపంచమే నడిచొస్తుంది, తెలుగు రచయితలూ నేర్చుకోండి అని. ప్రపంచం నడిచి రాలేదండీ, కొరియా ప్రభుత్వం కారు పంపించింది. 2001 నుంచీ ఆ పేరుతోనే నడుస్తున్న కొరియా సాహిత్య అనువాద సంస్థ అనువాదకులకి శిక్షణ ఇస్తుంది, డబ్బిస్తుంది, పరాయి దేశాల ప్రచురణకర్తలకి సాయం చేస్తుంది. నా వృత్తిలోంచి ఇంకో ఉదాహరణ. కొరియా పట్టుబట్టి 1996లో యూనికోడ్‌లో హంగుల్‌కి 11,172 అక్షరాల గదులు కట్టించుకుంది. తెలుగు బ్లాకులో మొత్తం గదులు 128. అన్ని గదులు అవసరమా అని ఇంజనీర్లు కొట్టుకోవచ్చు, పట్టుబట్టిన రాజ్యం వెనక ఉందా లేదా అన్నది అసలు తేడా. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం తగిలి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలితే మనం మీమ్స్ వేసుకున్నాం.

ఇప్పుడు అటువైపు చూడండి. 2021 నోబెల్ అబ్దుల్‌రజాక్ గుర్నాకి వచ్చింది. జాంజిబార్‌లో పుట్టాడు, ఇంటి భాష స్వాహిలి, రాసింది మొత్తం ఇంగ్లీషులో. ఆయన ‘పారడైజ్’ నవల ‘పెపోని’గా స్వాహిలిలోకి వచ్చింది బహుమతి వచ్చాకే, 2022లో. టాంజానియాలో ప్రాథమిక బడి స్వాహిలిలో, హైస్కూలు ఇంగ్లీషులో నడుస్తుంది. ఆ దేశానికి తొలి అధ్యక్షుడైన జూలియస్ న్యెరెరే స్వయంగా షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ని స్వాహిలిలోకి తెచ్చినా, హైస్కూలు గుమ్మం దగ్గర భాష మారిపోవడం ఆగలేదు. మనకి ఎక్కడో విన్నట్టు లేదూ? 2019లో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ జీవో 81, 2020 ఏప్రిల్లో దాన్ని కొట్టేసిన హైకోర్టు, 2022 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం. మన పిల్లలు ఉన్నది దార్ ఎస్ సలాం బడిలో, మన కలలు వచ్చేది సియోల్ సబ్‌టైటిల్స్‌లో.

మన ముందుతరం ఇలా లేదు. గికుయు భాషలో రాసి జైలుకెళ్ళిన కెన్యా రచయిత గూగీ నవలని, వరవరరావు జైల్లో కూర్చుని తెలుగు చేశారు. ఆయన రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. తూర్పు ఆఫ్రికా రచయిత ఒకడు తన భాష కోసం ఏం చేశాడన్నది తెలుగు పాఠకుడికి అవసరమైన వార్త అని మాత్రం ఆయన అనుకున్నారు. అదీ ఇంగ్లీషు మీదుగానే వచ్చింది, నేరుగా చదవగలిగినవాళ్ళు మనలో లేరు కాబట్టి.

ఇఫ్లూలో కొరియన్ తరగతి గది పక్కనే స్వాహిలికి ఒక గది తెరవమని అడగడానికి మనకేం అడ్డం? చెప్పేవాళ్ళు టోలీచౌకిలోనే దొరకొచ్చు. మొదటి పాఠంలో హకి, తయారి, రంగి, పెసా ఎలాగూ అయిపోతాయి. రెండో పాఠానికి షాబాన్ రాబర్ట్ కవితలు పెట్టుకోవచ్చు.