మసకబొమ్మ - సాక్ష్యము

ఎగిరెడు డ్రోను తీసిన బొమ్మ యలుకుకొని పోయినను గణితముచే దానిని తేటపఱుపవచ్చునని విని పలువు రబ్బురపడుచున్నారు. అబ్బురమే. కాని యే బొమ్మ తేటపడినదో, యే బొమ్మ క్రొత్తగా వ్రాయబడినదో వివేచింపకయే న్యాయస్థానములకు దెచ్చుట మాకు సమ్మతము కాదు.

మసక యెట్లు పుట్టునో చూడుడు. సెకండునకు 20 మీటర్లు పోవు డ్రోను, ఆగియున్న బండి ప్రక్కగా సాగుచు, కెమేరా షట్టరును సెకండులో నూఱవవంతు తెఱచినచో ఆ లోపలనే 20 సెంటీమీటర్లు జరుగును. బండి నంబరులోని యక్షరములు ఒకదానిపై నొకటి పడి అలుకుకొని పోవును. వేయవవంతే తెఱచినచో జరుగుడు 2 సెంటీమీటర్లకు దిగును. వెలుతురును పదవవంతే దక్కును. సందెవేళ నా బొమ్మ చీకటిపాలు!

జరిగిన దారి తెలిసినచో మసకను కొంత వెనుకకు మరలింపవచ్చును. డ్రోనులోని గైరోస్కోపు కుదుపులను లెక్క వ్రాయుచునే యుండును. అయితే ఎడతెగక తెఱచియున్న షట్టరు కొన్ని సూక్ష్మరేఖలను బొత్తిగా చెఱిపివేయును. పోయినదానిని ఏ గణితము తేగలదు? దీనికై 2006లో, నాసికులో జన్మించిన రమేశ్ రాస్కర్, అమిత్ అగ్రవాల్, జాక్ టంబ్లిన్ అనువారు ఒక యుపాయము చెప్పిరి: బొమ్మ తీయునపుడే షట్టరును తామెఱిగిన క్రమమున గబగబ మూయుచు తెఱచుచుండినచో ఆ రేఖలు నశింపవు. ఇది నిజాయితీ గల విద్య. దొంగ రాకమునుపే గొళ్లెము వేయుట.

2017 తరువాత వ్యాపించిన మార్గము వేఱు. సియోలు జాతీయ విశ్వవిద్యాలయ పండితులు వేగముగా తీసిన తేటబొమ్మల వరుసలను కలిపి మసకను కల్పించి, ఆ జంటలను చూపి యంత్రమునకు నేర్పిరి. ఇట్లు నేర్చిన యంత్రము, లోపించినచోట తాను తఱచుగా చూచినదానిని నింపుట కలదు. గోడను తప్పించుకొని యెగురుటకు ఇది చాలును. నంబరులో 3 ఉన్నచోట 8 నింపినచో ఒక గృహస్థు చెఱసాలకు పోవలసివచ్చును.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియము 63వ సెక్షను ఎలక్ట్రానిక్ సాక్ష్యమునకు ధ్రువపత్రమును, అందు హ్యాష్ విలువను కోరుచున్నది. మంచిదే. ఆ విలువ, దానిని లెక్కించిన పిమ్మట దస్త్రము మాఱలేదని తెలుపును. అంతకు మునుపే యంత్రము దిద్దినదేమో తెలుపదు. కావున మసకతోడి మూలచిత్రమును, గైరోస్కోపు లెక్కను, దిద్దిన పద్ధతిని ముద్దాయికి ముందుగా నీయవలెనని మేము కోరుచున్నాము. సోదర న్యాయవాదులు ఇవి యడుగుటకు జంకరాదు. మూలచిత్రము చెఱిపివేయబడినదని పోలీసువారు చెప్పునాడు, దిద్దిన బొమ్మను న్యాయాధిపతులు బల్లమీద పెట్టనీయరాదు.