నేను చెప్పిన 16 గంటలు

ఆ మంగళవారం సాయంత్రం 7 గంటలకి హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్ కారిడార్‌లో ఉన్నా. ఫ్రెండ్ వాళ్ల నాన్నకి బుధవారం మధ్యాహ్నం 2కి బైపాస్ అన్నారు. వాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు, అక్కడ అప్పుడు పొద్దున 6:30. "బయల్దేరుతున్నా" అని ఫోన్ పెట్టేశాడు. ఆంటీ నావైపు తిరిగి, "బిడ్డా, ఎన్ని గంటలు పడ్తది?" అంది.

ఫోన్ తీసి చూశా. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం సుమారు 13,500 కి.మీ. విమానం గంటకి 900. భాగిస్తే 15. సేఫ్టీకి ఇంకో గంట కలిపి "16 గంటలు ఆంటీ" అనేశా. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుని లోపలికెళ్లింది. "రేపు 11 కల్లా వస్తడట" అని అంకుల్‌కి చెప్పడం నాకు బయటికి వినిపించింది.

వాడు హాస్పిటల్‌కి వచ్చింది గురువారం తెల్లవారుజామున 5కి. అంటే 34 గంటలు.

నా లెక్కలో బగ్ ఎక్కడుందో తర్వాత చూసుకున్నా. ఫోన్ చూపించే దూరం గ్లోబు మీద దారం బిగించి కొలిచినట్టు ఉంటుంది. హైదరాబాద్ నుంచి ఆ దారం హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ అంచు తాకి, అలాస్కా మీదుగా దిగుతుంది. కానీ టిబెట్ మీదుగా విమానాలు పెద్దగా పోవు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే వెంటనే 10,000 అడుగులకి దిగాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తు. 2022 నుంచి అమెరికా విమానాలకి రష్యా ఆకాశం కూడా మూతపడింది. పైగా మన దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నాన్‌స్టాప్ లేదు. బెంగళూరుకి 2021 జనవరిలో మొదలైంది, మొదటి ఫ్లైట్ నడిపింది మొత్తం మహిళా పైలట్లే. సుమారు 14,000 కి.మీ.కి 17 గంటలు పట్టింది. నేరుగా వచ్చినా సగటు 900 రాదన్నమాట.

వాడు దుబాయ్ మీదుగా వచ్చాడు. దూరం పెరిగింది 2,000 కి.మీ. మాత్రమే. టైం అలా పెరగలేదు. టికెట్ దొరికి విమానం లేచేసరికే తొమ్మిదిన్నర గంటలు పోయాయి. దుబాయ్‌కి 16, అక్కడ కూర్చోవడం 3, హైదరాబాద్‌కి మూడున్నర, ఇమిగ్రేషన్, బ్యాగులు, శంషాబాద్ నుంచి రోడ్డు కలిపి ఇంకో 2. నేను చెప్పిన 16 అందులో ఒక్క ముక్క.

టికెట్ ఫొటో వచ్చింది రాత్రి 11కి. దిగేది గురువారం అని అప్పుడు తెలిసింది. అప్పటికే అంకుల్ మాత్ర వేసుకుని పడుకున్నారు. సాయంత్రమే వీడియో కాల్‌లో మాట్లాడించొచ్చు, ఎలాగూ పొద్దున వస్తున్నాడుగా అని ఊరుకున్నాం. నేను ఆంటీకి చెప్పా, ఆమె అంకుల్‌కి చెప్పలేదు. మధ్యాహ్నం స్ట్రెచర్ కదిలేటప్పుడు ఆయన లిఫ్ట్ వైపే చూస్తున్నారు. ఆ టైంలో వాడు ఫోన్ కలవని చోట, ఆర్కిటిక్ మంచు మీదెక్కడో ఉన్నాడు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే గంటలు చెప్పను. టికెట్ చూశాక, ఏ రోజు ఎన్నింటికి ఇంటి గుమ్మం ముందుంటారో మన టైంలో చెప్తా. టికెట్ లేకపోతే "రెండు రోజులు" అంటా.

అంకుల్ బాగున్నారు. మొన్న కలిస్తే చాయ్ ఇప్పిస్తూ అడిగారు: "ఏం రా, నీ 16 గంటలు అయినయా?"