మజిలీ వేసిన ఆట

నీళ్ల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. మీరు చెక్కలు పరిచిన రేవు మీద ఒంటరిగా నిలబడి ఉంటారు. పక్కనే ఒక ఓడ మునిగిపోయి ఉంది, తెరచాప కొయ్య మాత్రం నీళ్లపైన కనిపిస్తోంది. మెట్లెక్కి పైకి వెళ్తే మనిషెత్తుకు మించిన పళ్లచక్రాలు. ఇంకాస్త నడిస్తే గ్రంథాలయం, అందులో చాలా పుస్తకాలు కాలిపోయి ఉన్నాయి. మనుషుల జాడ లేదు. ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. తరిమే శత్రువు లేడు, పేల్చడానికి తుపాకీ లేదు, ఇంతలోపు ముగించాలన్న గడువూ లేదు. 1993లో అమెరికాలో రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ‘మిస్ట్’ అనే వీడియో గేమ్ ఇలా మొదలవుతుంది. ఆటలో అధిక భాగం కదలని బొమ్మలే. ఒకచోట నొక్కితే ఇంకో బొమ్మ వస్తుంది, నొక్కకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఎంతసేపు చూడాలనుకుంటే అంతసేపు చూడొచ్చు. ఈ నిదానమే తర్వాత ఒక బడిలో అక్కరకొచ్చింది.

ఇంగ్లండులో బ్రిస్టల్ నగరానికి దగ్గర్లో చ్యూ మాగ్నా అనే పల్లె ఉంది. అక్కడి ప్రాథమిక పాఠశాలలో టిమ్ రైలాండ్స్ అనే ఉపాధ్యాయుడు మిస్ట్‌నూ దాని తరువాయి ఆటలనూ తరగతి గదిలో తెరమీద వేసి, పిల్లలచేత మాట్లాడించి, రాయించారు. తలా ఒక కంప్యూటర్ ఇవ్వలేదు. తరగతికంతా ఒకటే తెర, ఆట నడిపేది ఆయనే. నాలుగడుగులు ముందుకు తీసుకెళ్లి ఆపుతారు. ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, అక్కడ మీరుంటే ఏమనిపిస్తుంది అని అడుగుతారు. పిల్లలు చెబుతారు, వాదించుకుంటారు, కాగితం మీద పెడతారు. ఆ తర్వాతే ఆట మళ్లీ కదులుతుంది. ఈ పనికి 2005లో ఆయనకు బెక్టా అవార్డు ఇచ్చారు. చదువులో సాంకేతికతను ఎలా వాడాలో చూసుకోవడానికి బ్రిటన్ ప్రభుత్వం అప్పట్లో నడిపిన సంస్థ బెక్టా.

ఆ తరగతి గురించి చదివినప్పుడల్లా నాకు కాశీమజిలీ కథలు గుర్తొస్తాయి. మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాసిన ఆ కథల్లో, మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరుతూ పశువులు కాసుకునే కుర్రాణ్ని తోడు తీసుకెళ్తాడు. దారిలో తను చూసిన వింతకల్లా కథ చెప్పాలని ఆ కుర్రాడి షరతు. పగలంతా నడక, మజిలీ చేరాక వంట, భోజనం, ఆనక కథ. మజిలీలు తీసేస్తే మిగిలేది ఉత్త నడక. చ్యూ మాగ్నాలో జరిగిందీ ఇదే, కాకపోతే అక్కడ అడిగేది గురువు, చెప్పేది పిల్లలు. వీడియో గేమ్‌ని బడిలోకి తేవాలనేవాళ్లు చాలామంది ఆట గొప్పదనం గురించే మాట్లాడతారు. నేను మాత్రం అసలు బలం ఆటను ఆపడంలో ఉందంటాను. ఎక్కడ ఆపాలో, ఆపి ఏం అడగాలో తెలిసిన టీచరు లేకపోతే ఎంత మంచి ఆటైనా పీరియడు గడిచిపోవడానికే పనికొస్తుంది.

మన బడుల్లో రాత సంగతి తెలుగు టీచర్లందరికీ తెలుసు. మన వాచకాల్లో పాఠం చివర వ్యక్తీకరణ-సృజనాత్మకత అనే భాగం ఉంటుంది. కథను పొడిగించండి, సంభాషణ రాయండి, లేఖ రాయండి అంటారు. ఆ ప్రశ్నలు తయారుచేసినవాళ్లు శ్రద్ధగానే చేశారు. కానీ వాచకం వెనకే గైడు వస్తుంది, పిల్లలు సొంతంగా రాయాల్సిన జవాబు కూడా అందులో అచ్చయి ఉంటుంది. దాన్ని బట్టీపట్టి దించేస్తారు. వంద పేపర్లు దిద్దితే వందలోనూ అవే వాక్యాలు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. అదే కుర్రాడు ఇంటర్వెల్‌లో, నిన్న రాత్రి ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో ఏం జరిగిందో పక్కవాడికి ఊపిరి తిప్పుకోకుండా చెబుతాడు. ఎటునుంచి దిగాడు, ఎవరు అడ్డొచ్చారు, ఏ గోడ వెనక నక్కాడు, చివరికి ఎలా పోయాడు. ఎత్తుగడ, ఉత్కంఠ, ముగింపు అన్నీ ఉంటాయి అందులో. బెల్లు కొట్టగానే వాడు వచ్చి కూర్చుని తెలుగు నోట్సులో గైడు వాక్యాలు ఎక్కించుకుంటాడు. చూస్తే బాధేస్తుంది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి అనుకోండి. గోడమీద తెర, తెరమీద మిస్ట్‌లోని ఆ రేవు. టీచరు కిటికీలు మూయించి అడగడం మొదలుపెడతారు.

‘కాళ్ల కింద ఏముందిరా?’

‘చెక్కలు సార్.’

‘ఎలాంటి చెక్కలు?’

‘నానిపోయినవి సార్. అడుగేస్తే కిర్రుమంటాయి.’

‘వాసనేమైనా వస్తోందా? నువ్వు చెప్పమ్మా.’

‘మా చిన్నాన్న వల ఆరేసినప్పుడు వచ్చే వాసన సార్.’

ఈ వాక్యం ఏ గైడులోనూ దొరకదు. ఉప్పాడ పిల్లయితే వల గురించి చెబుతుంది. నారాయణపేట పిల్లాడు సముద్రం చూసి ఉండకపోవచ్చు, వాడు చెరువు తూము దగ్గర కాలు జారే పాచి గురించి చెబుతాడు. రెండూ ఆ రేవుకి పనికొస్తాయి. తర్వాత పావుగంట రాత. ఐదారు వాక్యాలు చాలు. ఓడ ఎందుకు మునిగిందో ఆట అప్పుడే చెప్పదు కాబట్టి నలభైమంది నలభై కారణాలు రాస్తారు. కొన్ని చదివి వినిపించాక ఇంకో నాలుగడుగులు. తొలి దృశ్యాల్లో చదవాల్సిన ఇంగ్లీషు దాదాపు లేకపోవడం మరో సౌకర్యం, బొమ్మ చూసి నేరుగా తెలుగులోనే ఆలోచించొచ్చు. ఇంకో సంగతి, మిస్ట్ కథలోనే ఒక అందం ఉంది. అందులో ఏట్రస్ అనే అతను పుస్తకం రాస్తే ఆ పుస్తకం ఒక లోకానికి దారి తెరుస్తుంది. రాతలో పొరపాట్లుంటే ఆ లోకం నిలవదు, బీటలు వారుతుంది. వర్ణన ఎందుకు జాగ్రత్తగా రాయాలో పదమూడేళ్ల పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు.

‘ఆటలతో చదువు’ అని ఇప్పుడు అమ్ముతున్న సరుకుతో దీన్ని కలపొద్దని నా మనవి. జవాబు సరైతే ఒక నక్షత్రం, వారం రోజులు వరసగా తెరిస్తే పతకం. రంగులు వేసినా అది పాత బట్టీయే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలున్న ట్యాబులు పంచింది. పేదపిల్లల చేతికి మంచి వస్తువు అందాలన్న కోరికను తప్పుపట్టను. కానీ ఎవరి తెర వాళ్లకుంటే ఎవరి చెవుల్లో వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు, తరగతిలో మాట చచ్చిపోతుంది. మాట లేనిచోట రాత పుట్టదు. అదే రాష్ట్రంలో బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం కింద గోడలకు బిగించిన పెద్ద తెరలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. ప్రొజెక్టరు ఉన్న బడి ఏదైనా సరే, తరగతికి ఒక్క తెర చాలు.

ఒక్క యంత్రంతో తరగతంతా ఆడుకోవడం చాలా పాత సంగతి. 1971 డిసెంబరులో అమెరికాలోని మినియాపొలిస్‌లో డాన్ రావిచ్ అనే కుర్రాడు టీచరు శిక్షణలో భాగంగా ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతున్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో వేలమంది బండ్లు కట్టుకుని మిసోరి నుంచి పడమటి దిక్కున ఆరెగన్‌కు వలసపోయిన ఘట్టం వచ్చింది. బిల్ హైన్‌మన్, పాల్ డిల్లెన్‌బర్గర్ అనే ఇద్దరు మిత్రులు ప్రోగ్రాము రాసిపెడితే అది ‘ఆరెగన్ ట్రెయిల్’ అనే ఆటైంది. తెర అన్నదే లేదు. టెలిటైప్ యంత్రం కాగితం మీద టకటకమని ప్రశ్న కొట్టేది, పిల్లలు మీటలు నొక్కి జవాబిచ్చేవాళ్లు. వేటాడాలంటే ‘బ్యాంగ్’ అన్న మాటను తప్పులేకుండా త్వరగా టైపు చేయాలి. యంత్రం ఒకటే కావడంతో పిల్లలు పనులు పంచుకున్నారు. వేగంగా టైపు చేసేవాడికి వేట, లెక్కలొచ్చినవాడికి డబ్బు, ఎటు పోవాలన్నది అందరూ కలిసి తేల్చుకోవడం. శిక్షణకాలం ముగిశాక రావిచ్ ప్రోగ్రామును కంప్యూటర్ నుంచి తీసేసి, కాగితం మీద ఉన్న ప్రతిని దాచుకున్నాడు. 1974లో మిన్నెసోటా బడుల కంప్యూటర్ సంస్థలో చేరాక దాన్ని మళ్లీ ఎక్కించాడు. అప్పుడు ఆనాటి బాటసారుల డైరీలు చదివి జబ్బులు, వానలు, ప్రమాదాలు ఎక్కడెక్కడ ఎంతగా ఎదురయ్యేవో సరిచేశాడు.

రాత మాటకొస్తే, 1985లో యాపిల్ కంప్యూటర్ల కోసం వచ్చిన ఆ ఆట కొత్త రూపంలో నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు ఒకటుంది. దారిలో బండి నాయకుడు కలరాతోనో జిగట విరేచనాలతోనో చనిపోతే, సమాధిరాయి మీద ఏం రాయాలో ఆడుతున్న పిల్లలే రాయాలి. తర్వాత అదే డిస్కు మీద ఆడేవాళ్లు ఆ చోటికి వచ్చినప్పుడు ఆ రాయి కనిపిస్తుంది. తాను రాసింది రేపు ఇంకెవరో ముక్కూమొహం తెలియని పిల్లాడు చదువుతాడన్న ఎరుకతో రాయడం అది. మన పిల్లలు పదేళ్లు రాస్తారు, వాళ్ల రాతకు పాఠకుడు ఒక్కరే, ఎర్రసిరా పెన్ను పట్టుకున్న టీచరు. తోటివాళ్లు చదువుతారంటే పిల్లలు మాటల్ని ఇంకోలా ఏరుకుంటారు.

ఆ ఆటలో పెద్ద లోపమూ ఉంది. వలసవచ్చినవాళ్ల కళ్లతోనే అది చరిత్ర చూసింది. ఆ నేల ఎవరిదో, బండ్లు వస్తుంటే వాళ్లకేమైందో చాలాకాలం చెప్పలేదు. 2021లో గేమ్‌లాఫ్ట్ సంస్థ తెచ్చిన రూపానికి మాత్రం ఆదివాసీ చరిత్ర తెలిసిన పండితుల సలహా తీసుకున్నారు. ఇలాంటి లోపాన్ని టీచరు దాచకూడదు. ‘బండిని కొండమీంచి చూస్తున్న పిల్లవు నువ్వే, ఆ రోజు డైరీ రాయి’ అంటే చాలు. చరిత్ర పాఠమూ తెలుగు పాఠమూ ఒకే పేజీలో నడుస్తాయి.

‘ఇంట్లో ఫోన్ చేతికిస్తే వదలడు, బడిలో కూడా అదేనా’ అని అడిగే తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. డబ్బు పెట్టించే ఆటలు, రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టే ఆటలు ఉన్నాయి, వాటివల్ల పాడైన పిల్లలూ ఉన్నారు. తరగతిలో నేను కోరుతున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఫోన్‌లో ఆట పిల్లాణ్ని ఆగనివ్వదు, ఇక్కడ ఆపడమే పద్ధతి. పుస్తకానికి బదులుగానూ నేను దీన్ని అడగడం లేదు. వారానికి ఒక్క పీరియడు ఇస్తే చాలు. నిజానికి ఆటలో చూసినదాన్ని రాయబోయి మాట దొరకని పిల్లాడే చందమామ పాత సంచికలు తిరగేసేది.

ఇక మన ఆట సంగతి. అలాస్కాలో ఇన్యూపియాట్ అనే ఆదివాసుల పెద్దలు, కథకులతో కూర్చుని 2014లో ‘నెవర్ అలోన్’ అనే ఆట చేశారు. తెరిపిలేని మంచుతుఫాను ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ నునా అనే పిల్ల ఒక తెల్ల నక్కతో బయల్దేరుతుంది. కథ చెప్పే గొంతు ఇన్యూపియాక్ భాషలో వినిపిస్తుంది, మిగతా ప్రపంచం కింద అక్షరాలు చదువుకుంటుంది. ఆ భాష మాట్లాడేవాళ్లు కొద్ది వేలమంది. తెలుగువాళ్లం ఎనిమిది కోట్లకు పైనే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి ప్రపంచస్థాయి సంస్థ స్టూడియో హైదరాబాదులోనే ఉంది. చేయి తిరిగిన పనివాళ్లున్నారు. ఎవరూ లేని గోల్కొండలో ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దగ్గర ఎవరో విన్నట్టు మొదలయ్యే ఆట ఒకటి తెలుగులో వస్తే, దాన్ని బడికి ఉచితంగా ఇవ్వడానికి ప్రభుత్వాలు ఖర్చుపెడితే ఎంత బాగుంటుంది!

అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బడిలో ఏడాది పొడవునా పెట్టే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి, ఇప్పుడు అవి ఎక్కువగా నెట్ సెంటరులో ప్రింటు తీయించిన కాగితాలకు పడుతున్నాయి. ఏడాదిలో ఒక్క ఎఫ్‌ఏకైనా ఆ మార్కులు తరగతిలో అందరిముందూ చూసి, అక్కడికక్కడే రాసిన ఐదారు వాక్యాలకు ఇవ్వమని రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లనూ (ఎస్‌సీఈఆర్‌టీ) అడుగుతున్నాను. టీచర్ల శిక్షణ తరగతుల్లో ఒక పూట దీనికి కేటాయించాలి. యంత్రం వాడకం నేర్పడానికి కాదు, అది పిల్లలే నేర్పుతారు. ఎక్కడ ఆపాలి, ఏం అడగాలి, ఎంతసేపు ఊరుకోవాలి అన్నది టీచర్లు ఒకరి ముందు ఒకరు చేసి చూసుకోవాలి. రాసినవి గోడకు అంటించాలి, పక్క సెక్షను పిల్లలొచ్చి చదవాలి. అక్షరదోషాలు మరుసటి పీరియడులో దిద్దుకోవచ్చు.