ఆంప్ తెల్లన్నం... పెడల్స్ కూరలు!

ఇంట్లో ఒకరు ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నారంటే చాలు... ఆ ఇంటి ఖర్చుల పద్దులోకి కొత్త మాటలు వచ్చి చేరతాయి. ముందు గిటార్. తర్వాత ఒక పెడల్. ఆ తర్వాత ఇంకో పెడల్. ఏడాది తిరిగేసరికి మంచం కింద అరడజను రంగురంగుల ఇనప డబ్బాలు, వాటి మధ్య చిక్కుపడ్డ వైర్లు. ఇంతా చేశాక పిల్లాడు మొహం వేలాడేసుకుని వస్తాడు. ‘నాన్నా... సౌండు సరిగ్గా రావట్లేదు, ఇంకో పెడల్ కొనాలి!’

ఆగండి. పర్సు తీసేముందు ఒక్కసారి ఆ డబ్బాలన్నీ చివరికి ఏ పెట్టెలోకి వెళుతున్నాయో చూడండి. చాలాసార్లు లోపం పెడల్స్‌ది కాదు. గిటార్‌ది అసలే కాదు. వాటన్నిటి తరఫున నోరు విప్పాల్సిన ఆంప్లిఫయర్‌ది!

పులిహోరలో పప్పుచారు

ఎలక్ట్రిక్ గిటార్‌కి సొంత గొంతు దాదాపు లేదు. తీగ కదలికను దాని కింద ఉన్న పికప్ అనే అయస్కాంతపు చుట్ట చిన్న విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని పెంచేది ఆంప్లిఫయర్, వినిపించేది స్పీకరు. ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని కాంబో అంటారు. గిటార్‌కీ కాంబోకీ మధ్య కాలితో నొక్కే డబ్బాలే పెడల్స్. ఒకటి స్వరాన్ని గరగరలాడిస్తుంది, ఒకటి ప్రతిధ్వనిని చేరుస్తుంది, ఇంకొకటి ఒక గిటార్‌ని రెండు గిటార్లలా వినిపిస్తుంది.

మరి ఇన్ని రుచులు పెడల్సే ఇస్తుంటే ఆంప్ ఎలా ఉండాలి? తెల్లన్నంలా ఉండాలి. పప్పు కలిపితే పప్పు రుచి, ఆవకాయ కలిపితే ఆవకాయ రుచి రావాలి. అలాకాక ఆంప్ తనంతట తనే గరగరలాడుతుంటే... అది పులిహోర. విడిగా తింటే అమోఘమే. కానీ దాని మీద పప్పుచారు పోసుకుంటే అటు పులిహోరా కాదు, ఇటు పప్పన్నమూ కాదు.

శుభ్రమైన స్వరం కేవలం రాక్ కుర్రాళ్ల గొడవ అనుకోకండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) కర్ణాటక సంగీతాన్ని వినిపించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే. మామూలు మాండలిన్‌కి తీగలు జంటలుగా ఉంటాయి. ఆయన వాద్యానికి అయిదు ఒంటి తీగలు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గమకం చెవికి చేరాలంటే మధ్యలో ఉన్న యంత్రం దాన్ని ఉన్నదున్నట్టు అందించాలి కదా!

చిరిగిన స్పీకరు కథ

అన్నట్టు, ఈ గరగర మొదట్లో ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. 1951లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో ‘రాకెట్ 88’ అనే పాట రికార్డు చేసేందుకు వెళుతుండగా దారిలో గిటార్ ఆంప్లిఫయర్ దెబ్బతింది. స్పీకర్లో కాగితాలు కుక్కి పని కానిచ్చారు. ఆ బొంగురుతనమే జనానికి నచ్చింది. 1964లో ఇంగ్లండులో ‘ద కింక్స్’ బృందానికి చెందిన డేవ్ డేవిస్ అయితే కావాలనే తన స్పీకర్ని బ్లేడుతో కోశాడు!

ఈలోగా 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్ బజారులోకి వచ్చింది. స్పీకరు చింపకుండానే ఆ గరగర ఇచ్చే డబ్బా అది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫ్యాక్షన్’ పాటలో దాన్ని వాడాక ప్రపంచమంతా దానికోసం ఎగబడింది. అక్కడినుంచి ఆంప్‌కి ఒక కొత్త ఉద్యోగం వచ్చింది: తాను పక్కకు తప్పుకుని, పెడల్‌ని మాట్లాడనివ్వడం.

దీనివల్ల అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇంకో లాభం ఉంది. వాల్వు ఆంప్ తనంతట తాను గరగరలాడాలంటే దాని శబ్దం బాగా పెంచాలి. పక్క ఫ్లాటు వాళ్లు తలుపు కొట్టేదీ అప్పుడే. శుభ్రమైన ఆంప్ ముందు పెడల్ పెడితే అదే గరగర చిన్న శబ్దంలోనూ వస్తుంది.

ఎంత పెంచినా చెదరకుండా...

శుభ్రమైన ఆంప్ అంటే ఎంతవరకు పెంచినా స్వరం చెదరనిది. గిటార్ వాళ్లు దీన్నే హెడ్‌రూమ్ అంటారు. గుమ్మం ఎత్తు లాంటిదన్నమాట. గుమ్మం ఎత్తుగా ఉంటే పొడుగువాడూ తల వంచకుండా వస్తాడు. పొట్టి గుమ్మమైతే తల బొప్పి కడుతుంది. పెడల్ నొక్కగానే సంకేతం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆంప్‌లో చోటు లేకపోతే అది నలిగిపోతుంది.

ఈ తేడా ప్రతిధ్వని ఇచ్చే డిలే పెడల్ దగ్గర బాగా తెలుస్తుంది. మంచి ఆంప్‌లో మొదటి స్వరం గట్టిగా, తర్వాతివి ఒకదాని వెనక ఒకటి మెల్లగా తగ్గుతూ దూరమవుతాయి. చోటు లేని ఆంప్ గట్టి స్వరాన్ని అణిచేస్తుంది కాబట్టి వెనక వచ్చేవి కూడా దాదాపు అంతే గట్టిగా వినిపిస్తాయి. అంతా కలిసి ముద్ద!

బరిలో ఎవరెవరున్నారు?

శుభ్రమైన కాంబో అనగానే ముందు వినిపించే పేరు జపాను కంపెనీ రోలండ్ వారి జాజ్ కోరస్ జేసీ-120. 1975లో వచ్చింది. వాల్వుల్లేని ట్రాన్సిస్టర్ ఆంప్. పన్నెండంగుళాల స్పీకర్లు రెండు, ఒక్కోదానికి 60 వాట్ల చొప్పున 120 వాట్లు. దీనిలోని కోరస్ తమాషాగా ఉంటుంది. ఒక స్పీకర్లో అసలు స్వరం, రెండోదాంట్లో కాస్త వణికే స్వరం వస్తాయి. రెండూ కలిసేది గదిలోని గాలిలో! 2011లో బెంగళూరులో కచేరీ చేసిన మెటాలికా బృందం పేరు వినే ఉంటారు. చెవులు చిల్లులు పడే సంగీతానికి పెట్టింది పేరైన ఆ బృందపు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కూడా మృదువైన భాగాలకు నమ్ముకున్నది జాజ్ కోరస్‌నే.

దీనితో చిక్కల్లా బరువు. దాదాపు 28 కిలోలు, అంటే బియ్యం బస్తా కంటే ఎక్కువ! పైగా ఇంట్లో వాయించుకోవడానికి 120 వాట్లు దేనికి? అందుకే అదే కుటుంబంలో 40 వాట్ల జేసీ-40, 30 వాట్ల జేసీ-22 కూడా వచ్చాయి. మొదటిదానికి పదంగుళాల స్పీకర్లు రెండు, రెండోదానికి ఆరున్నర అంగుళాలవి రెండు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. జాజ్ కోరస్ అద్దం లాంటిది, మొటిమలనూ దాచదు. గరగర పెడల్స్ కొన్ని దీని మీద కీచుమంటాయి. అప్పుడు ‘బ్రైట్’ మీట ఆపేసి, ట్రెబుల్ తగ్గించుకోవాలి.

రెండో పేరు అమెరికా కంపెనీ ఫెండర్. రేడియోలు బాగుచేసే కొట్టు నుంచి ఎదిగిన లియో ఫెండర్ స్థాపించిన సంస్థ ఇది. వీళ్ల ట్విన్ రివర్బ్, డీలక్స్ రివర్బ్ రెండూ 1963 నుంచి ఉన్న పేర్లు. రెండూ వాల్వులవే. మన తాతలనాటి వాల్వు రేడియో గుర్తుందా? స్విచ్చి వేశాక కాసేపు వేడెక్కితే గానీ పాట వచ్చేది కాదు. వీటిదీ అదే తంతు. ట్విన్‌కి 85 వాట్లు, డ్రమ్స్ పక్కన కూడా స్వరం చెదరదు. బరువు 29 కిలోలు. డీలక్స్ 22 వాట్లు, 19 కిలోలు. ఇది ఇంటికి కావలసినంత శుభ్రం. డ్రమ్స్‌తో పోటీపడి పెంచితే మాత్రం గరగర మొదలవుతుంది.

ఫెండర్ స్వరంలో మధ్యస్థాయి కాస్త పల్చగా ఉంటుంది. ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఆకుపచ్చ పెడల్ ఆ మధ్యస్థాయినే పెంచుతుంది. అందుకే వీటి జోడీ అంత బాగా కుదిరింది. స్టీవీ రే వాన్ వాడిన జంట ఇదే. వాల్వుల బరువు, బాధ్యత వద్దనుకునేవారి కోసం 2019లో ఫెండర్ ‘టోన్ మాస్టర్’ పేరుతో వీటికి డిజిటల్ రూపాలు తెచ్చింది. డీలక్స్ అందులో పదిన్నర కిలోలే!

ఇవన్నీ బడ్జెట్ దాటిపోతే బాస్ కంపెనీ కటానా లాంటివి చూడొచ్చు. 50 వాట్ల కటానాలో పన్నెండంగుళాల స్పీకరు ఉంటుంది. శక్తిని అర వాటుకు తగ్గించుకునే మీటా ఉంటుంది. దానిలో రకరకాల గొంతులు ఉన్నా, పెడల్స్‌కోసం ‘క్లీన్’ దగ్గరే ఉంచాలి.

వాట్లు చూసి మోసపోవద్దు

‘ఇది యాభై, అది వంద. కాబట్టి అది రెట్టింపు గట్టిగా మోగుతుంది’ అనుకుంటాం. కాదు. వాట్లు రెట్టింపయితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. గిటార్ స్పీకర్లు చాలావరకు ఒక్క వాటుకే మీటరు దూరంలో వందకు అటూ ఇటూగా డెసిబెల్స్ ఇస్తాయి. అంటే ఇంటికి వాట్లు సమస్యే కాదు. ఎక్కువ వాట్లు కావలసింది డ్రమ్స్ పక్కన వాయించేటప్పుడు, అదీ స్వరం చెదరకుండా ఉండేందుకు.

చెవుల సంగతీ చూడాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు మించి వినకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన వంద డెసిబెల్స్ దగ్గర పావుగంటే! ఆంప్‌ని కాళ్ల దగ్గర పెట్టుకుంటే శబ్దం మోకాళ్లకు తగులుతుంది, చెవికి చాలదనిపిస్తుంది. దాంతో ఇంకా పెంచుతారు. కుర్చీ మీద పెట్టి కొంచెం పైకి వంచితే తక్కువ శబ్దమే సరిపోతుంది.

కొట్లో ఏం చేయాలి?

* సొంత గిటార్, సొంత పెడల్స్ పట్టుకెళ్లండి. కొట్లోని ఖరీదైన గిటార్‌తో ఏ ఆంపయినా బాగుంటుంది.

* ముందు పెడల్స్ లేకుండా వినండి. రివర్బ్ సున్నా, మిగతా మీటలు మధ్యలో ఉంచి, లావు తీగను గట్టిగా మీటుతూ శబ్దం కొద్దికొద్దిగా పెంచండి. స్వరం ఎక్కడ చెదురుతుందో అదే ఆ ఆంప్ హద్దు. మీకు కావలసిన శబ్దం ఆ హద్దు కంటే కిందే ఉండాలి.

* తర్వాత గరగర పెడల్ ఒక్కటే కలపండి. కందిరీగల తుట్టెలా ఉంటే ట్రెబుల్ తగ్గించి చూడండి. అయినా పోకపోతే ఆ జోడీ కుదరలేదన్నమాట.

* చివరగా డిలే. ప్రతిధ్వనులు విడివిడిగా వినిపించాలి.

* వాయించడం ఆపి, పెడల్ ఆన్‌లోనే ఉంచి వినండి. బుస, గుయ్యిమనే శబ్దం ఎంత ఉందో అప్పుడే తెలుస్తుంది.

వెనకవైపు ‘ఎఫెక్ట్స్ లూప్’ అనే రంధ్రాలు లేవని కంగారు పడకండి. ఆంప్ తానే గరగరలాడేటప్పుడు డిలే, రివర్బ్‌లను ఆ గరగర తర్వాత పెట్టడానికి అవి కావాలి. శుభ్రమైన ఆంప్‌కి అన్ని పెడల్సూ ముందే వరసగా పెట్టుకోవచ్చు. మొదట గరగర, తర్వాత కోరస్, చివర్లో డిలే, రివర్బ్.

అమెరికా బాబాయి తెస్తే...

‘అక్కడ చవక, వచ్చేటప్పుడు తెస్తాలే’ అనే బంధువులు మనకు తక్కువేం కాదు. తెచ్చేముందు ఆంప్ వెనక ఉన్న చీటీ చదవమనండి. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, జపానులో 100, మన దగ్గర 230. అక్కడికోసం చేసినదాన్ని ఇక్కడి సాకెట్లో పెడితే ఆంప్ కాలిపోవచ్చు. 230 వోల్టులకు చేసిన మోడలే తేవాలి, లేదంటే తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. పెడల్స్ అడాప్టర్‌తోనూ జాగ్రత్త. చాలా పెడల్స్‌కి కావలసింది 9 వోల్టులు, పిన్ను మధ్యలో నెగటివ్. అది తిరగబడితే పెడల్ పాడవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎర్తింగ్. గిటార్ తీగలు వైరు ద్వారా ఆంప్ లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. అంటే వాయించేవాడి వేళ్లు ఎప్పుడూ దాని మీదే ఉన్నట్టు! 1972లో ఇంగ్లండు పక్కనున్న వేల్స్‌లో, స్వాన్సీ పట్టణంలో ‘స్టోన్ ద క్రోస్’ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని, వేదిక మీదే ప్రాణం వదిలాడు. కాబట్టి గుయ్యిమనే శబ్దం పోతుందని ఎవరు చెప్పినా సరే... ప్లగ్గులోని లావు పిన్ను తీసేయొద్దు. ఆంప్ ఇంటికి వచ్చేలోపే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ సాకెట్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించండి. ఇందులో మాత్రం పిసినారితనం పనికిరాదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

నాలుగు పెడల్స్ డబ్బుతో ఒక మంచి ఆంప్ వచ్చేటట్టుంటే ముందు ఆంపే కొనండి. పెడల్స్ ఒక్కొక్కటిగా తర్వాత చేరతాయి, నచ్చకపోతే అమ్మేసినా నష్టం తక్కువ. ఆంప్ మాత్రం ఏళ్ల తరబడి ఇంట్లో ఉండే మనిషి లాంటిది. వాల్వుల ఆంప్‌కి కొన్నేళ్లకోసారి వాల్వులు మార్చాలి. ఆ పని తెలిసినవాళ్లు మీ ఊళ్లో లేకపోతే ట్రాన్సిస్టర్ దారే మేలు.

బాగా వాయించేవాళ్లు మానేయడానికి బద్ధకమే కారణం కానక్కర్లేదు. ఎంత సాధన చేసినా తన చేతిలో ఉన్నది చెవికి రాకపోతే ఎవరికైనా విసుగొస్తుంది. శుభ్రమైన ఆంప్ తప్పునూ వినిపిస్తుంది, ఒప్పునూ వినిపిస్తుంది. నేర్చుకునేవాడికి కావలసింది అదే కదా! ఈసారి మీ పిల్లాడు ఏడో పెడల్ అడిగితే వద్దనకండి. ‘ముందు అన్నం వండుదాం, కూర సంగతి తర్వాత’ అనండి!