జాలియా, పరిచర్యయా?

బేతెస్ద కోనేటి యొద్ద 38 సంవత్సరములుగా వ్యాధితో నుండిన మనుష్యుని కథ మన బాలబాలికలందరును ఆదివారపు బడిలో నేర్చినదే. ప్రభువు వాని యొద్దకు వచ్చినప్పుడు మొదట వాని కోరికను అడిగెను. వాడిచ్చిన ప్రత్యుత్తరము తన వ్యాధిని గూర్చినది గాదు. నీరు కదలినప్పుడు తన్ను అందులోనికి దించుటకు తోడు ఎవరును లేరని వాడు మొరపెట్టుకొనెను. ఈ కథను మేము ఎన్నియో మారులు తరగతిలో చెప్పితిమి గాని, అందలి రెండు సంగతులను చాలకాలము గమనింపమైతిమి. సహాయము చేయువాడు ముందుగా అడిగెననుట మొదటిది. ఆ రోగికి కొరత నీరు గాదు, మనుష్యులనుట రెండవది. ఈ రెంటిని మాకు బోధపరచినవారు సముద్రపుటొడ్డున పనిచేయు కొందరు స్వచ్ఛంద సేవకులు. వారిని గూర్చియు, మన పాఠశాల వాకిటి మెట్లను గూర్చియు నాలుగు మాటలు వ్రాయవలెనని యీ యేటి సంచికలో పూనుకొంటిమి.

ముందుగా వ్యాధి యెట్టిదో తెలిసికొనుట మంచిది. వెన్నుపాము మన వెన్నెముక లోపల, మెదడునుండి నడుము వరకు దిగియుండు నరముల త్రాడు. కదలుడని మెదడు చేయు ఆజ్ఞలు దీనిగుండనే కాలుసేతులకు పోవును. తాకిడి, వేడి, నొప్పి మొదలగువాని వార్తలు దీనిగుండనే మెదడునకు చేరును. ఎముక విరిగి యీ త్రాడు నలిగినచో, దెబ్బకు దిగువ నున్న శరీరమునకును మెదడునకును రాకపోకలు తెగును. వీపున తగిలిన కాళ్లు చచ్చుబడును. మెడయందు తగిలిన చేతులు కూడ చచ్చుబడును. విరిగిన యెముక అతుకును గాని, నలిగిన వెన్నుపామును పూర్తిగా బాగుచేయు వైద్యము నేటికిని లేదు.

ఇట్టి దెబ్బ తగులుటకు మన దేశమున ఎత్తునుండి పడుటయే ముఖ్యకారణములలో నొకటి. తాటిచెట్టు గీయువారు, కొబ్బరికాయలు దింపువారు, మేడలు కట్టు కూలీలు ఈ ఆపద పాలగుచున్నారు. రహదారి ప్రమాదములు మరియొక కారణము. సముద్రతీరములందు వేరొక కారణము గలదు. లోతు తెలియని నీటిలోనికి తలక్రిందుగా దుముకుట వలనను, అల యెత్తి ఇసుకతిప్పపై పడవేయుట వలనను మెడ విరుగును. ఈ విధముగా దెబ్బతినువారిలో పదునేడు, పదునెనిమిది యేండ్ల పిల్లలు పెక్కండ్రు.

పూర్వము ఈ రోగులకు బ్రతుకు ఆశ లేకుండెను. ఒకే ప్రక్కన పడియుండుటవలన పడకపుండ్లు పుట్టియు, మూత్రకోశము చెడియు కొలది కాలములోనే చనిపోవుచుండిరి. జర్మనీనుండి 1939లో ఇంగ్లండునకు శరణుజొచ్చిన యూదవైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, 1944వ సంవత్సరమున స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఈ రోగుల విభాగమును తెరచి, పగలును రాత్రియు రెండు గంటల కొకమారు వారిని ప్రక్కకు త్రిప్పించెను. అంతటితో తృప్తిపడక వారిచేత పనులు చేయించెను, ఆటలాడించెను. 1948 జూలై 29వ తేదీన, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మంది ఆ ఆసుపత్రి ఆవరణములో విలువిద్య పోటీకి దిగిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు అది బీజము. మన దేశములో వెల్లూరు మిషను ఆసుపత్రి వైద్యురాలగు మేరీ వర్గీసు గారు 1954లో మోటారు ప్రమాదమున వెన్నుపాము దెబ్బతినియు, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. తమవంటివారికి తిరిగి బ్రతుకుదెరువు నేర్పు సంస్థ 1966లో అచ్చట ఏర్పడుటకు ఆమెయే కారణము.

ఇక సముద్రతీరపు సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున మాలిబు అను తీరగ్రామము గలదు. పలకపై నిలిచి అలల వెంబడి తేలిపోవు సర్ఫింగు అను ఆట అచ్చటి పిల్లలకు ఉగ్గుబాలతో వచ్చినది. 1996లో జెస్సీ బిల్లావర్ అను 17 ఏండ్ల బాలుడు, ఆ యాటలో పేరుపొందుచున్న సమయమున, అలచే ఇసుకతిప్పపైకి విసరబడి మెడవద్ద వెన్నుపాము దెబ్బతినెను. కాళ్లు పోయినవి, చేతుల బలము చాల తగ్గినది. కొలది సంవత్సరములకు స్నేహితులు అతనిని మరల నీటిలోనికి తీసికొనిపోయిరి. నిలువలేడు గనుక పలకపై బోరగిల పరుండి అలల నెక్కెను. తనకు కలిగిన భాగ్యము తనవంటి వారందరికి కలుగవలెనని అతడు ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘమువారు వెన్నుపాము దెబ్బతిన్నవారిని తీరమునకు పిలిచి, రుసుము లేకుండ అలల మీద తేలింతురు. ఆస్ట్రేలియాలో ఇట్టి పనికై 1986లోనే ఒక సంఘము పుట్టినది.

ఆ స్వచ్ఛంద సేవకులు చేయు పనిని గమనింపుడు. ఒక్కొక్క రోగికి పలువురు కావలెను. ఇసుకలో మామూలు చక్రాల కుర్చీ దిగబడును గనుక, వెడల్పైన మెత్తని చక్రములు గల కుర్చీలో ఆయనను నీటి యంచునకు తెత్తురు. కొందరు పలకను పట్టి లోనికి నడుపుదురు. కొందరు మార్గము పొడవున నడుములోతు నీటిలో నిలిచి, పలక తల్లక్రిందులైన తక్షణమే ఆయన ముఖమును నీటిపైకి ఎత్తుటకు సిద్ధముగా నుందురు. కొందరు ఒడ్డున అందుకొందురు. పనికి ముందు వీరందరికి పాఠము చెప్పబడును. ఎందుకనగా స్పర్శలేని శరీరమునకు అపాయము మనకు తెలిసినట్లు తెలియదు. కాలు పలకకు ఒరసికొని చర్మము లేచిపోయినను నొప్పి తోచదు. కాగిన ఇసుక కాల్చినను తెలియదు. మెడవద్ద దెబ్బతిన్నవారికి ఎండలో చెమట సరిగా పట్టక ఒడలు అతిగా వేడెక్కును. కావున ఎట్లు ఎత్తవలెనో, కాళ్లు ఎచ్చట నుంచవలెనో, ఎంతసేపు నీటిలో నుండవచ్చునో ఆ మనుష్యునే అడిగి, ఆయన చెప్పినట్లు చేయుదురు. ఎత్తువారు ఎందరైనను ఆజ్ఞ యిచ్చువాడు ఎత్తబడువాడే.

"మందులకు గతిలేని వారుండగా ఈ అలలయాట యెందుకు?" అని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఈ ప్రశ్న తేలికైనది గాదు. మొదట మేమును అట్లే తలచితిమి. అయితే మంచమే లోకమైన వానికి, ఊరివారందరు పోవు తీరమునకు తానును పోవుట విలాసము గాదు. ఊరిలో తానును ఒకడనుటకు అది గురుతు. మందులు ప్రాణమును నిలుపును. నిలిచిన ప్రాణమునకు ఏదో యొక సంతోషము లేనిచో, ఆ మందులను వేళకు పుచ్చుకొను మనస్సు కూడ నశించును. గుట్‌మన్ వైద్యుడు ఆటలను చికిత్సలో భాగము చేయుటకు ఇదియే కారణము.

"సంవత్సరమునకు ఒకనాడు ఉత్సవము చేసి, ఛాయాపటములు తీయించుకొని, మరునాడు మరచిపోవుదురు గదా" అనుట మరియొక ఆక్షేపణ. దీనిలో సత్యము గలదు. దీనికి చెన్నపట్టణపు మెరీనా తీరమే జవాబు చెప్పినది. ఆ పట్టణమున డిసెంబరు 3వ తేదీ వికలాంగుల దినమునకు సమీపమున, కొన్ని సంవత్సరములు, నీటివరకు తాత్కాలికముగా బాట వేసి, స్వచ్ఛంద సేవకులు చక్రాల కుర్చీలవారిని అలల యొద్దకు తీసికొనిపోవుచుండిరి. ఒకనాడు అలను తాకినవారు తక్కిన దినములలో ఏల తాకగూడదని అడిగిరి. అడుగగా అడుగగా 2022 నవంబరు మాసమున నగరపాలక సంస్థవారు 263 మీటర్ల పొడవున శాశ్వతమైన చెక్కబాటను వేసిరి. కొలది దినములకే, డిసెంబరులో వచ్చిన మాండూస్ తుపాను దానిని కొంత చెరచగా, తిరిగి బాగుచేయవలసి వచ్చెను. ఒకనాటి యుత్సవము తక్కిన దినముల హక్కునకు దారితీసినచో అది వ్యర్థము గాదు. అయితే వేసిన బాటను కాపాడుట కూడ పరిచర్యయే.

ఇప్పుడు మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట పాఠశాల వార్షికోత్సవమునకు ఒక బాలిక తండ్రి చక్రాల కుర్చీలో వచ్చెను. ఆయన తాటిచెట్టు మీదనుండి పడి నడుము క్రింద చచ్చుబడినవాడు. ఆనాడు ఆయన కుమార్తెకు ప్రథమ బహుమానము. సభామందిరమునకు ఐదు మెట్లు గలవు. ఆయన వాకిట ఆగియుండుట చూచి, మేమును, ఇద్దరు ఉపాధ్యాయులును, పై తరగతి బాలురును పరుగెత్తి, ఆయన నోరు తెరచులోగానే కుర్చీని పైకెత్తితిమి. సభవారు చప్పట్లు కొట్టిరి. మేమును గర్వించితిమి. ఆ యెత్తుటలో ఆయన పాదము జారి కుర్చీకిని మెట్టునకును నడుమ నలిగెను. ఆయనకు నొప్పి తెలియలేదు. మాకు చూపు లేకపోయెను. రాత్రి యింటికి పోయి ఆయన భార్య చెప్పు విప్పిచూచిన గాని రక్తము కనబడలేదు. ఆ పుండు మానుటకు మూడు మాసములు పట్టెను.

మేము సిగ్గుతో చూడబోయినప్పుడు ఆయన కోపపడలేదు. "మాష్టారూ, ఎత్తే ముందు ఒక్క మాట అడిగుంటే, కాళ్లు పట్టీతో కట్టమని చెప్పేవాణ్ణి గదండీ" అని మాత్రమే అనెను. ఆ మాటతో మాకు జాలికిని పరిచర్యకును గల భేదము తెలిసినది. జాలి తన హృదయమును చూచుకొనును. పరిచర్య ఎదుటివాని పాదమును చూచును. మాలిబు తీరమున స్వచ్ఛంద సేవకులకు మొదట నేర్పు పాఠమును, ఉపాధ్యాయ శిక్షణ పొంది యిరువది యేండ్లు పాఠములు చెప్పిన మేము నేర్వకపోతిమి.

కావున మా అభిప్రాయము ఇది. మంచిమనస్సు మాత్రమే చాలదు. సహాయము చేయువాడు అడుగవలెను, నేర్చుకొనవలెను, మరునాడును రావలెను. ఎత్తు చేతులకంటె ఎత్తవలసిన పని లేకుండ చేయు బాట మేలు. సముద్రపుటొడ్డున ఇసుకపై 263 మీటర్ల బాట వేయవచ్చును గాని, మన మందిరపు ఐదు మెట్ల ప్రక్క ఒక వాలుబాట వేయరాదా? మెట్టు ఒకటికి 6 అంగుళముల చొప్పున ఎత్తు 30 అంగుళములు. అంగుళము ఎత్తునకు 12 అంగుళముల పొడవుండవలెనని నియమము. అనగా 30 అడుగుల బాట. లెక్క మన ఆరవ తరగతి బాలురును చేయగలరు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము గుర్తింపుపొందిన పాఠశాలల భవనములు అట్టివారికి అందుబాటులో నుండవలెనని విధించినది. చట్టము లేకున్నను, ప్రభువు నామమున నడుచు పాఠశాలకు ఒక తండ్రి వాకిటనే నిలిచిపోవుట తగదు. బడిపెద్దలును, తలిదండ్రులును వచ్చు వార్షికోత్సవమునకు ముందే దీనిని పూర్తిచేయుదురని నమ్ముచున్నాము.

ప్రియ విద్యార్థులారా, మీకు మూడు మాటలు. లోతెరుగని నీటిలోనికి, అది సముద్రమైనను, కాలువయైనను, తలక్రిందుగా దుమకకుడు. ఎవడైనను చెట్టు మీదనుండి పడినను, నీటిలో మెడకు దెబ్బ తగిలినను, భుజములు పట్టి లేవనెత్తి కూర్చుండబెట్టకుడు; అట్లు చేసినచో నలగని త్రాడు కూడ నలుగవచ్చును. నీటిలోనున్నచో ముఖము పైకుండునట్లు పట్టుకొని, తలయు మెడయు ఒడలును ఒకే వరుసలో కదలకుండ నిలిపి, 108కి కబురంపుడు. చక్రాల కుర్చీ కనబడినప్పుడు దానిపై చేయి వేయకముందు, అందులోనున్న వారి యెదుట నిలిచి, "ఏమి చేయమందురు?" అని అడుగుడు. అక్కరలేదని వారనినచో చిన్నబుచ్చుకొనకుడు.

ఆ బాలిక యిప్పుడు పై చదువులకు పోయినది. ఆమె తమ్ముడు మన పాఠశాలలోనే చదువుచున్నాడు. ఈ యేడు వానికిని బహుమానము వచ్చునని ఉపాధ్యాయులు చెప్పుచున్నారు. వాని తండ్రి తన కుర్చీని తానే నడుపుకొనుచు, ఎవరి చప్పట్లును లేకుండ, తక్కిన తండ్రులవలె మందిరములోనికి వచ్చి కూర్చుండవలెనని మా కోరిక.